చలవ గుమాస్తా ఇంటిచూపులు

ఫిబ్రవరి 2. ఇంట్లో 28.9

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ గని ఊరికి చలవ గుమాస్తాగా చేశాను. పాత నాపరాయి గనుల్లో కిందికి పన్నెండు మెట్లు, ఒక్కో మెట్టు ఒక్కో అంతస్తు, అదే మా ఊరు. పైన ఎండలో మనుషులు కాపురాలు చేసింది మా తాతల కాలంతో సరి. రోజూ పొద్దున్నే మెట్టు మెట్టూ దిగుతూ వేడి కొలిచి పుస్తకంలో ఎక్కించడం నా ఉద్యోగం. రిటైరై నాలుగేళ్ళయినా చెయ్యి ఊరుకోక, ఇంటి వేడి ఇంట్లోనే రాసుకుంటున్నాను. "ఈయనను కాటికి మోసేటప్పుడు గూడా సంకలో తర్మామీటరు పెట్టాల" అని మా ఆవిడ సుంకమ్మ ఎగతాళి.

ఈ రోజు డాక్టరమ్మ సుంకమ్మను పరీక్ష చేసి, నన్నొక్కణ్ణే తెర ఇవతలికి పిలిచింది. గుండె బాగా అలిసిపోయిందట. ఇరవై ఏడు దాటని ఇంట్లో ఉంచితే మూడు నాలుగేళ్ళు నిశ్చింతగా గడుస్తాయట. ఇప్పుడున్న ఇంట్లోనే ఉంటే ఈ ఎండాకాలం గడవడమే కష్టమట. మాది మూడో మెట్టు. మే నెలలో ముప్పై మూడుకు చేరుతుంది. ఆ అంకె ఏటేటా రాసినవాణ్ణి నేనే.

తెర తీసుకుని లోపలికి వెళ్ళేసరికి సుంకమ్మ చెప్పులు వేసుకుంటోంది.

"ఏమంటదయ్యా డాక్టరమ్మ?"

"ఇల్లు మారాలంట. అంతే."

"మారదాం పా. దానికి మొగమట్ల పెట్టినావెందుకు?" అంది.

మూడు నాలుగేళ్ళ సంగతి చెప్పలేదు. చెప్పను కూడా.

ఫిబ్రవరి 5. ఇంట్లో 29.0

ఇళ్ళ కచేరీకి పోయి అవసరాల పట్టీ తెచ్చాను. నేను ఇంటి దగ్గరే పంతొమ్మిది అవసరాలు రాసుకుని పోయాను. వాటిని చూసి అక్కడి గుమాస్తా నవ్వాడు. పట్టీలో మూడు గీతలే ఉంటాయి. మూడు చెప్పలేనివాడికి ముప్పై ఇచ్చినా ఇల్లు దొరకదట. ఇంకో నిబంధన, మూడూ ఒకే చేతిరాత కాకూడదు. మొగుడొక్కడే రాసేసి, కొన్నాక పెళ్ళాం వచ్చి కచేరీ మెట్ల మీద ఏడ్చిన కేసులు చాలా ఉన్నాయట. పట్టీ నిండితేగాని కొనడం కుదరదు. అంతవరకు ఇళ్ళు చూడొచ్చు.

పంతొమ్మిదిని రెండుకు కుదించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి గీతలో "27 లోపు చలవ" అని రాశాను. రెండో గీతలో "మెట్లెక్కే పని లేకుండా ఆసుపత్రి లిఫ్టు దగ్గర". మూడోది సుంకమ్మ ముందు పెట్టాను.

"ఇల్లు సూసినాక రాస్తా," అంది.

"ఏం కావాలో తెలీకుండా ఏం చూస్తావే?"

"పెండ్లిచూపులకొచ్చినప్పుడు నువ్వేం రాసుకుని వచ్చినావు?"

సహకరించలేదు అని నమోదు చేస్తున్నాను.

ఫిబ్రవరి 16. ఇంట్లో 29.3

ఇళ్ళు చూపించే పుల్లన్న మమ్మల్ని పదకొండో మెట్టుకు తీసుకుపోయాడు. ఇల్లంటే అదీ! నాలుగు మూలలా కొలిచాను, 25.8 దాటలేదు. వాకిట్లో రెండు తలుపులు, ఒకటి మూస్తేగాని రెండోది తెరుచుకోదు. గోడలు మూరెడు మందం. ఆపక్క ఇల్లు ఉందో లేదో కూడా తెలీదు, అంత నిశ్శబ్దం.

మా ఊళ్ళో ఇంటిచూపులకు ఒక ఆనవాయితీ ఉంది. గనిలోకి దిగిన తొలి రోజుల్లో లోపలి గాలి మంచిదో కాదో తెలిసేది కాదు. పొయ్యి వెలిగించి చూసేవాళ్ళు. మంట నిటారుగా నిలిస్తే ఇల్లు మంచిది. వెలిగించిన పొయ్యి ఊరికే ఆర్పకూడదని ఏదో ఒకటి వండేవాళ్ళు. ఇప్పుడు గాలికి మీటర్లున్నా ఆ పద్ధతి పోలేదు. కొనేవాళ్ళు వండుతారు, అమ్మేవాళ్ళు తింటారు.

సుంకమ్మ ఉగ్గాని చేసింది. బొరుగులు నానబెట్టి పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు వేయించి, పైన పప్పుల పొడి చల్లి. మంట నిటారుగా నిలిచింది. ఇంటివాళ్ళు రెండోసారి పెట్టించుకున్నారు. నేను పడకగదిలో మంచం కింద వేడి కొలుచుకుని వచ్చాను.

లిఫ్టులో అడిగితే "వద్దు" అంది.

"ఎందుకు?"

"గోడలు పచ్చిగుండాయి."

పచ్చి! ఆ గోడల తేమ కూడా నేను కొలిచాను. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళాంతో ఇల్లు చూడు అని ఎందుకు అనలేదో, భయపడ్డారో ఏమో.

ఇంటికొచ్చాక సంచీ సర్దుతుంటే ఒక గిన్నె తగ్గింది. వాళ్ళమ్మ పెళ్ళిలో పెట్టిన స్టీలు గిన్నెల్లో ఒకటి. అన్నిటి మీదా "సుంకమ్మ" అని చుక్కలతో పేరు కొట్టించి ఉంటుంది. అక్కడే మరిచిపోయినట్టుంది.

మార్చి 1. ఇంట్లో 29.8

పదో మెట్టు. 26.2. వంట చేసింది, మంట నిలిచింది, ఇంటావిడ మెచ్చుకుంది. సుంకమ్మకు నచ్చలేదు. ఈసారి వంటింటి గూడు ఎత్తుగా ఉందట, చెయ్యి అందదట. నేను కొలిచాను. మా ఇంటి గూడు కన్నా అది నాలుగు వేళ్ళు కిందికే ఉంది.

రెండో గిన్నె కూడా లేదు. ఇది మొన్నటిలా కాదు, నాకు గుబులు పుట్టింది. నలభై ఏళ్ళుగా చెంచా పోయినా ఇల్లంతా గాలించే మనిషి, గిన్నె ఊసే ఎత్తలేదు. గుండె సంగతి డాక్టరమ్మ చెప్పింది. మతిమరుపు సంగతి చెప్పలేదు.

మార్చి 12. ఇంట్లో 30.2

మళ్ళీ పదకొండో మెట్టు, వేరే ఇల్లు. 26.0. మళ్ళీ వద్దు. మళ్ళీ ఒక గిన్నె తక్కువ.

మేము ఇల్లు చేరేసరికి పుల్లన్న వెనకాలే వచ్చి మొదటి గిన్నె చేతికిచ్చాడు. "ఆ ఇంటి పక్కనోళ్ళు నా చేతికిచ్చినారు వదినా. కడిగే ఇచ్చినారు" అన్నాడు. సుంకమ్మ గిన్నె లోపలికి ఒకసారి చూసి, "కడిగిచ్చినారు, మంచోళ్ళే పాపం" అని గూట్లో పెట్టేసింది. ఇంటివాళ్ళ దగ్గర మరిచిన గిన్నె పక్కవాళ్ళ దగ్గరికి ఎలా పోయిందో నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఇంత రభస జరిగేది కాదు.

రభస ఏమంటే, పుల్లన్న పోగానే నేను గట్టిగా అరిచాను. ఇల్లు వేడెక్కుతోంది, నెలన్నరలో ఉడికిపోతాం, బంగారం లాంటి ఇళ్ళకు వంకలు పెడుతున్నావు, పైగా ఇంట్లో గిన్నెలన్నీ ఊరికి పంచిపెడుతున్నావు అన్నాను. సుంకమ్మ ఏదో అనబోయి, గోడ పట్టుకుని, మెల్లగా కింద కూర్చుంది. పెదాలు పాలిపోయాయి. నేను తడిగుడ్డతో మెడ తుడుస్తూ, విసనకర్రతో విసురుతూ, లోపల నా పేరున్న మద్దిలేటి స్వామికి ఎన్ని మొక్కులు మొక్కానో నాకే లెక్క లేదు. పావుగంటకు తేరుకుంది.

"భయపడినావా?" అంది.

భయపడ్డాను. చాలా భయపడ్డాను. ఇక్కడ రాస్తున్నాను గానీ ఆమెతో లేదన్నాను.

మార్చి 20. ఇంట్లో 30.7

మామూలు పరీక్ష అని చెప్పి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి, మతి సంగతి చూడమని చెవిలో చెప్పాను. డాక్టరమ్మ ఇరవై ప్రశ్నలడిగింది. సుంకమ్మ ఇరవైకీ చెప్పి, పోయినసారి డాక్టరమ్మ కట్టుకున్న చీర రంగు కూడా చెప్పింది. ఆ పైన నా వైపు తిరిగి, పొద్దున నేను మింగాల్సిన బీపీ మాత్ర మింగలేదని కూడా చెప్పింది. నిజమే, మింగలేదు.

"ఆవిడ జ్ఞాపకానికేం ఢోకా లేదు. గిన్నెల సంగతి ఆవిణ్ణే అడగండి" అంది డాక్టరమ్మ. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. నాకు అడగడం చేతకాదు, కొలవడమే వచ్చు.

మార్చి 27. ఇంట్లో 31.1

పుల్లన్న ఈసారి ఎనిమిదో మెట్టుకు తీసుకుపోయాడు. గడపలోనే కొలిచాను. 28.6. వెంటనే వెనక్కి తిరిగాను.

"నాకేం తెల్దు మద్దిలేటన్నా. వదినే అడిగింది, గోడకు గోడ ఆనుకున్న పాత ఇండ్లేమన్నా ఉండాయా అని," అన్నాడు పుల్లన్న నీళ్ళు నములుతూ.

సుంకమ్మ అప్పటికే లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. రెండు చిన్న గదులు, ఒక వంటిల్లు. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్న సామెత నా కోసమే పుట్టింది. గోడ ఆపక్క ఎవరో దగ్గుతున్నారు. ఎవరో రోట్లో కారం దంచుతున్నారు. అన్నీ వినిపిస్తున్నాయి.

కొలవడానికి ఏమీ లేక, మొదటిసారి వంటింటి గడప మీద కూర్చుని ఆమెనే చూశాను. ఉగ్గాని దించింది. ఇంటివాళ్ళకు పెట్టింది. తర్వాత సంచీలోంచి స్టీలు గిన్నె తీసి, నిండా పెట్టి, పైన పళ్ళెం మూసి, పక్కింటి తలుపు తట్టింది. ఒక ముసలామె తీసుకుంది. సుంకమ్మ ఖాళీ చేతులతో తిరిగొచ్చి, నన్ను చూసి ఆగింది.

"ఏందే అది?"

"పక్కింటోళ్ళకు రుసి సూపించొద్దా?" అని బొరుగులు నానబెట్టిన నీళ్ళు పారబోసింది.

అంటే మిగతా మూడు ఇళ్ళల్లోనూ నేను మంచాల కింద దూరి కొలుస్తున్నప్పుడు జరిగింది ఇదే. మరి ఎందుకు చేస్తోందో ఇంకా అర్థం కాలేదు.

మార్చి 29. ఇంట్లో 31.2

మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. చూస్తే ఎనిమిదో మెట్టు ముసలామె. వేడి ముదిరితే లిఫ్టులు ఆపేస్తారు. ఐదు మెట్లూ నడిచి ఎక్కింది. ఆయాసంతో మాట రావడం లేదు. కొంగు కింద మా గిన్నె.

"సుంకమ్మంటే నువ్వేనా అక్కా? గిన్నె మీద పేరుండాది గానీ యాడుంటావో ల్యాకపాయ. మెట్టు మెట్టుకూ అడుగుతా వచ్చినా. ఆరో మెట్టులో ఇంకో సుంకమ్మ ఉండాది, ఆమె నాది గాదనె."

గిన్నె నిండా గురుగాకు పప్పు. ఇంకా వెచ్చగా ఉంది.

సుంకమ్మ ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, విసురుతూ చాలాసేపు మాట్లాడింది. పేరు మాబున్ని. భర్త దస్తగిరి, రాయి కొట్టే మనిషి. ఎర్రగడ్డలు ఇంకొంచెం వేగాల్సిందని ఉగ్గానికి వంక కూడా పెట్టింది. సుంకమ్మ ముఖం నెల రోజుల్లో అంత కళగా ఎప్పుడూ లేదు.

ఆమె వెళ్ళాక అడిగాను. "నువ్వు గిన్నెలు మరిచిపోతాండావనుకుంటి."

"మరిచిపోతానా? మా యమ్మ పెట్టినవి! ఒక్కోటి ఇస్తాంటే పానం ఉసూరుమనె."

"మరెందుకిచ్చినావే?"

"ఇల్లు పరీచ్చ జేసేదానికి నీకు తర్మామీటరుండాది. నాకు గిన్నె ఉండాది. మూడిండ్లలో ఒకటి ఖాళీగా వచ్చె, రెండు రానే రాల్యా. ఇది ఎట్లొచ్చిందో సూస్తివి గదా."

"పక్కింటోళ్ళతో మనకేం పనే? నీకు కావల్సింది చలవ."

సుంకమ్మ గిన్నె మీద తన పేరు వేలితో తడిమింది.

"ఆసుపత్రిలో తెర గుడ్డదే గదయ్యా. ఆపక్క మాట్లాడితే ఈపక్క ఇనపడదా? మూడు నాలుగేండ్లంట. ఆ పైన నీకెవరుండారు? పిల్లలు ల్యాకపోతిరి. పొయ్యి వెలిగించేది గూడా రాదు నీకు. ఆ పదకొండో మెట్టులో రెండు తలుపులేసుకోని నువ్వు కింద పడితే, వాసనొస్తే గానీ ఎవురూ రారు. నువ్వు నా కోసరం ఇల్లు సూస్తాండావు. నేను నీ కోసరం సూస్తాండా."

నాకు పిచ్చి కోపం వచ్చింది. నేను దాచిన మాట దాని దగ్గర రెండు నెలలుగా ఉంది, నాతో ఒక్క ముక్క అనలేదు.

"నాకేం కావాల్నో నన్నడిగినావా?" అన్నాను.

"నువ్వు నన్నడిగినావా?"

అడగలేదు. కోపం వెనకాలే ఏడుపొచ్చింది. అరవై నాలుగేళ్ళవాణ్ణి, చంటిపిల్లాడిలా దాని ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను. "28.6లో పెట్టి నిన్ను నేనే చంపుకోమంటావా" అన్నాను. అది నా తల నిమురుతూ, "ముందు పప్పు తిను, ఆరిపోతాది" అంది.

పప్పు బాగుంది. పొరుగింటి పుల్లకూర కాబట్టి కాదు, నిజంగానే బాగుంది.

ఏప్రిల్ 2. ఇంట్లో 31.6

మూడు రోజులు నా పాత చలవ పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అడుగున పారే చల్లనీళ్ళ కాలువ నుంచి పైకి వచ్చే చలవ గొట్టం ఎనిమిదో మెట్టు దగ్గర ఏ గోడను ఒరుసుకుంటూ పోతుందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు కొలిచాను దాన్ని. అది మాబున్ని వంటింటి వెనక గోడ. వాళ్ళ వంటిల్లు 25. ఆ వంటింటికీ, మేము చూసిన వంటింటికీ మధ్య ఒక్క గోడే ఉంది.

ఇద్దరం పోయి మాబున్ని ఇంట్లో కూర్చున్నాం. నేను అబద్ధం చెప్పలేను, గుమాస్తా బుద్ధి. "గోడకు రంధ్రం పెడితే మీ చలవ మా ఇంట్లోకొస్తుంది. మీ ఇల్లు ఒక డిగ్రీ వేడెక్కుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పాను.

మాబున్ని మొగుడి వైపు చూసింది. దస్తగిరి నా వైపు చూశాడు.

"ఒక డిగ్రీకి మేమేం కరిగిపోతామా అన్నా? గోడ యాడ కొట్టాల్నో సెప్పు," అన్నాడు.

ఇంటికొచ్చాక సుంకమ్మ పట్టీ తెమ్మంది. మూడో గీత మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "గిన్నె తిరిగొచ్చే ఇల్లు." కచేరీ గుమాస్తా అది చదివి, ఇలాంటి అవసరం తన సర్వీసులో చూడలేదన్నాడు. ముద్ర మాత్రం కొట్టాడు.

ఏప్రిల్ 19. కొత్త ఇంట్లో: పొద్దున 28.6, సాయంత్రం 27.3

పొద్దున దస్తగిరి ఉలి, సమ్మెట తెచ్చాడు. రంధ్రం ఎంత ఉండాలో నేను లెక్కగట్టి కాగితం మీద గీశాను. సుంకమ్మ ఆ కాగితం పక్కన పెట్టి, స్టీలు గిన్నె గోడకు ఆనించి, చుట్టూ బొగ్గుతో గీసింది. "గిన్నె పట్టాల, పెట్టే చెయ్యి గూడా పట్టాల" అని ఇంకో రెండు వేళ్ళు పెంచింది. చిత్రమేమంటే, నా లెక్కకూ ఆ గీతకూ తేడా పెద్దగా లేదు.

మధ్యాహ్నానికి నాపరాయి పెళ్ళ ఊడింది. చల్లటి గాలి వంటింట్లోకి వచ్చింది. ఆపక్క నుంచి మాబున్ని ముఖం కనిపించింది. సుంకమ్మ ఈపక్క నిలబడి, కళ్ళు మూసుకుని, ఆ గాలి పీల్చుకుంది.

27.3. ఇరవై ఏడు లోపు కాదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క పాయింటు కూడా తగ్గించి రాయలేదు, ఇప్పుడూ రాయను. డాక్టరమ్మకు ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "మనిషి సంతోషంగా ఉంటే ఆ మూడు పాయింట్లు నేను చూసుకుంటాలెండి" అంది.

నాలుగో ఏడాది, ఫిబ్రవరి 11. ఇంట్లో: చూడలేదు

చాలా రోజులకు ఈ పుస్తకం తీశాను.

మూడు ఎండాకాలాలు గడిచాయి. మూడు మే నెలల్లోనూ 27.6 దాటలేదు. సుంకమ్మ ఆ మూడేళ్ళూ రంధ్రం పక్కనే పీట వేసుకుని కూరగాయలు తరిగింది, మాబున్నితో పోట్లాడింది, మళ్ళీ కలిసింది. నాకు వంట నేర్పిస్తానని వందసార్లు పిలిచింది. రేపు నేర్చుకుంటా అన్నాను వందసార్లూ. క్రిస్మసు వారంలో, మధ్యాహ్నం భోజనమయ్యాక, పీట మీద కూర్చునే పోయింది. గోడ ఆపక్క మాట్లాడుతున్న మాబున్నికే ముందు తెలిసింది.

ఆ రోజు నుంచీ పూటపూటా రంధ్రంలోంచి గిన్నె వస్తూనే ఉంది. "సుంకమ్మ" అని పేరున్న గిన్నె. నేను తిని, కడిగి, ఖాళీగా వెనక్కి పెట్టేవాణ్ణి. మాబున్ని ఒక్క మాట అనలేదు.

ఈ పొద్దున కడిగిన గిన్నె పట్టుకుని రంధ్రం దగ్గరికి పోయాను. పుల్లన్న తెచ్చిచ్చిన మొదటి గిన్నె గుర్తొచ్చింది. కడిగిచ్చినారు, మంచోళ్ళే పాపం, అని సుంకమ్మ అన్న తీరు గుర్తొచ్చింది. నా చెయ్యి ఆగిపోయింది. యాభై రోజులుగా నేను చేస్తున్నది అదే. దీని కోసమే కదా అది రెండు నెలలు ప్రాణం మీదికి తెచ్చుకుని ఇళ్ళు చూసింది. గిన్నె రావడమే కాదు, వచ్చిన గిన్నెలో మళ్ళీ ఏదో ఒకటి పెట్టి పంపేదాకా నన్ను ఊరుకోనివ్వని ఇల్లు చూసి పెట్టిపోయింది.

పొయ్యి వెలిగించాను. నాలుగు అగ్గిపుల్లలు పట్టాయి. మంట నిటారుగా నిలిచింది. బొరుగులు ఎక్కువసేపు నానబెట్టాను కాబోలు, పిండితే ముద్దయ్యాయి. ఎర్రగడ్డలు ఒక పక్క మాడాయి. పప్పుల పొడి ఏ డబ్బాలో ఉందో వెతకడానికే అరగంట పట్టింది. ఉప్పు ఎంత వేయాలో తెలీలేదు, కొలిచే పరికరం నా దగ్గర లేదు. గిన్నెలో పెట్టి, పళ్ళెం మూసి, రంధ్రంలోంచి ఆపక్కకు తోశాను.

మాబున్ని తీసుకున్న చప్పుడైంది. పళ్ళెం తీసిన చప్పుడు కూడా వినపడింది. ముక్కు చీదుకున్నట్టు వినిపించింది. 

"ఉప్పెక్కువాయ అన్నా."

"రేపు తగ్గిస్తా" అన్నాను.